పాత బండి రేడియేటర్: కొత్తది వేయాలా, ఉన్నదాన్నే బాగు చేయించాలా?

ఇంజన్ వేడిని మోసుకొచ్చే నీళ్లను చల్లబరిచే రేడియేటర్ కారుతోంది అనగానే చాలామంది నోట వచ్చే మాట ఒకటే, తీసి పారేసి కొత్తది వేయించెయ్, పీడా విరగడవుతుంది అని. పదేళ్ల బండికి ఆ మాట సరిపోవచ్చు. ముప్ఫై నలభై ఏళ్లు దాటిన బండికి మాత్రం అది అన్నిసార్లూ మంచి సలహా కాదు. నిక్షేపంగా ఇంకా చాలా ఏళ్లు పనిచేసే వస్తువును తూకానికి వేసి, దానికంటే నాసిరకం వస్తువు తెచ్చి బిగించడమే అవుతుంది కొన్నిసార్లు. మా పాత డీజిల్ జీపు రేడియేటర్ పని ఈమధ్యే ముగిసింది. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం కొండ రోడ్డు ఎక్కుతున్నా హీటు మీటరు ముల్లు సగం దగ్గరే నిలబడుతోంది. ఆ పని పెట్టుకున్నప్పుడు చదివినవి, మెకానిక్ పక్కన నిలబడి చూసినవి, చేత్తో పట్టుకుని తెలుసుకున్నవి అన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాను, ఎందుకంటే తెలుగులో ఈ సంగతులు వివరంగా చెప్పినవాళ్లు నాకు పెద్దగా కనిపించలేదు.

ముందు మీ బండిలో ఉన్నది ఏ రకం రేడియేటరో చూడండి, మిగతా నిర్ణయాలన్నీ దాన్నిబట్టే ఉంటాయి. పాతకాలం వాటిలో పైనా కిందా ఉండే ట్యాంకులు ఇత్తడివి, నీళ్లు పారే సన్నటి చప్పిడి గొట్టాలు కూడా ఇత్తడివే. ఆ గొట్టాల మధ్య మడతలు మడతలుగా కనిపించే పల్చటి రేకులు రాగివి, వాటినే ఫిన్స్ అంటారు. మొత్తం టంకంతో అతికి ఉంటుంది. 1970ల నుంచి, 80ల్లో మరీ ఎక్కువగా, కంపెనీలు అల్యూమినియం కోర్‌కు (గొట్టాలు, ఫిన్స్ కలిసిన మధ్య భాగానికి) ప్లాస్టిక్ ట్యాంకులు బిగించడం మొదలుపెట్టాయి. వీటిలో టంకం లేదు. కోర్ అంచున ఉన్న అల్యూమినియం పళ్లను ట్యాంకు మీదికి వంచి నొక్కేస్తారు, మధ్యలో ఒక రబ్బరు గ్యాస్కెట్ ఉంటుంది, అంతే. రెండు రకాలూ నల్లగానే ఉంటాయి కాబట్టి పైపైన చూస్తే తేడా తెలియకపోవచ్చు. అయస్కాంతం పెట్టి చూద్దామంటే అది రాగికీ అంటుకోదు, ఇత్తడికీ అంటుకోదు, అల్యూమినియానికీ అంటుకోదు. ట్యాంకు మూల దగ్గర స్క్రూడ్రైవర్ కొసతో కాస్త గీకండి, రంగు కింద పసుపు మెరుపు కనిపిస్తే ఇత్తడి. ట్యాంకు చుట్టూ వరసగా వంచిన పళ్లు కనిపిస్తే ప్లాస్టిక్ ట్యాంకు.

నా అభిప్రాయం సూటిగానే చెప్పేస్తాను. ఇత్తడి రేడియేటర్ అయితే బాగు చేయించండి. ప్లాస్టిక్ ట్యాంకుది అయితే మార్చేయండి. ఇది పాత వస్తువుల మీద మోజుతో అంటున్న మాట కాదు, కారణం వాటి తయారీలోనే ఉంది. టంకం రెండొందల నుంచి మూడొందల డిగ్రీల మధ్య కరిగిపోతుంది, ఇత్తడి కరగాలంటే తొమ్మిదొందల డిగ్రీలు దాటాలి. అంటే ట్యాంకుకు ఏ నష్టమూ జరగకుండా అతుకు విప్పి, లోపల శుభ్రం చేసి, మళ్లీ అతికేయొచ్చు, అవసరమైతే కొన్నేళ్ల తర్వాత ఇంకోసారి కూడా. అసలు విప్పి బాగు చేసుకోవడానికి వీలుగానే దాన్ని తయారుచేశారు. ప్లాస్టిక్ ట్యాంకు అలా కాదు. అది గాజు పోగులు కలిపిన నైలాన్, ఏళ్ల తరబడి వేడెక్కుతూ చల్లారుతూ పెళుసెక్కిపోతుంది. హోస్ పైపు తగిలించే మూతి దగ్గర సన్నటి బీట వస్తుంది, లేదా పైపు ఊడదీస్తుంటే మూతి కూడా చేతిలోకి వచ్చేస్తుంది. దాని మీద ఏ జిగురు పూసినా, లోపల వంద డిగ్రీల వేడి నీళ్లు ఒత్తిడితో తోస్తున్నప్పుడు అది ఎన్నాళ్లు నిలుస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. కొందరు ట్యాంకు ఒక్కటే మార్చి పళ్లు మళ్లీ వంచుతారు. అల్యూమినియం పళ్లను ఒకసారి తెరిచి మళ్లీ వంచితే విరిగే అవకాశం ఎక్కువ, అందుకే రోజూ తిరిగే బండికి నేనైతే ఆ పని చేయించను.

మరి రాగి అంత మంచిదైతే కంపెనీలు దాన్ని ఎందుకు వదిలేశాయి అని అడగొచ్చు. వేడిని మోసుకుపోయే లెక్కలో రాగి విలువ సుమారు 400, అల్యూమినియం విలువ 237 దగ్గర ఉంటుంది, మీటరుకు కెల్విన్‌కు ఇన్ని వాట్లు అన్న కొలతలో. అయితే రాగి అల్యూమినియం కంటే మూడింతలకు పైగా బరువు, ధరా ఎక్కువే, పైగా అతుకుల దగ్గర ఉండే టంకం రాగి అంత చురుగ్గా వేడిని దాటించదు. అల్యూమినియంతో వెడల్పాటి గొట్టాలు చేసి ఆ లోటు పూడ్చుకున్నారు. కాబట్టి కొత్త రకం పనికిరాదని నేను అనను, మంచి అల్యూమినియం రేడియేటర్ చక్కగా చల్లబరుస్తుంది. పాత బండికి వచ్చే అసలు చిక్కు సరిగ్గా అమరేది దొరకడం, దాని గురించి కింద రాస్తాను.

బాగు చేయించడానికైనా మార్చడానికైనా ముందు, తప్పు నిజంగా రేడియేటర్‌దేనా అన్నది తేల్చుకోవాలి. ఇంజన్ హీటెక్కగానే నింద దాని మీదే పడుతుంది, బానెట్ ఎత్తగానే కళ్లకు కనిపించేది అదే మరి. కానీ వాటర్ పంపు, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వ్), ఫ్యాన్, మూత, హోస్ పైపులు, హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకూ సిలిండర్ హెడ్‌కూ మధ్య ఉండే పొర), వీటిలో ఏది చెడినా ముల్లు పైకే పోతుంది. కొత్త రేడియేటర్ వేయించుకుని, మళ్లీ అదే హీటు చూసి తలపట్టుకునేవాళ్లు చాలామందే ఉన్నారు.

ఎప్పుడు హీటెక్కుతోందో గమనిస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు హీటెక్కి, వేగం అందుకోగానే తగ్గుతోందంటే గాలి చాలడం లేదు. అప్పుడు ఫ్యాన్ బెల్టు, ఫ్యాన్‌ను వేడినిబట్టి తిప్పే విస్కస్ క్లచ్, ఎలక్ట్రిక్ ఫ్యాన్ అయితే దాని స్విచ్చు, రిలే చూడాలి. ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు, అంటే ష్రౌడ్, ఉందో లేదో కూడా చూడండి. పాత బళ్లలో ఎప్పుడో ఎవరో పని చేస్తూ దాన్ని తీసి పక్కన పడేసి ఉంటారు, ఆ తర్వాత ఎవరూ పట్టించుకోరు. అది లేకపోతే ఫ్యాన్ రేడియేటర్‌లోంచి గాలి లాగడం మానేసి చుట్టుపక్కల గాలినే తిప్పుతూ కూర్చుంటుంది. ఊళ్లో బాగానే ఉండి, వేగంగా పోతున్నప్పుడో బరువుతో ఎత్తు ఎక్కుతున్నప్పుడో హీటెక్కుతోందంటే నీళ్లు సరిగా పారడం లేదు, గొట్టాలు పూడుకున్నాయన్న అనుమానం ముందు రావాలి. స్టార్ట్ చేసిన కాసేపటికే ముల్లు పైకి దూకితే థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండొచ్చు, లేదంటే లోపల గాలి చిక్కుకుని ఉండొచ్చు.

ముల్లు కిందే ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. సెన్సర్ నీళ్లలో మునిగి ఉన్నప్పుడే సరిగా చెబుతుంది. నీళ్లన్నీ కారిపోయి అది ఖాళీలో మిగిలిపోతే, ఇంజన్ మాడిపోతున్నా ముల్లు మామూలుగానే కనిపించొచ్చు. పాత బండి నడిపేవాళ్లు మీటరుతో పాటు వాసన మీద కూడా ఒక కన్ను, అదే, ఒక ముక్కు వేసి ఉంచాలి. రేడియేటర్ నీళ్లలో కలిపే మందు, అంటే కూలెంట్, కాలితే తియ్యటి వాసన వస్తుంది.

కారే చోటు పట్టుకోవడానికి ప్రెషర్ టెస్టర్‌ను మించింది లేదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి, దాని స్థానంలో టెస్టర్ బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి వరకు చేతి పంపుతో కొట్టి, పది పదిహేను నిమిషాలు అలా వదిలేయాలి. టెస్టర్ ముల్లు దిగుతోందంటే ఎక్కడో పోతోంది, టార్చి పట్టుకుని వెతకడమే. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది, లోపలి సీల్ అరిగితే అక్కడి నుంచి చుక్కలు పడతాయి, అది పంపు పోయిందన్న గుర్తు. సీటు ముందు కార్పెట్ తడిగా ఉండి అద్దం మీద జిడ్డుగా ఆవిరి పడుతుంటే హీటర్ లోపల ఉండే చిన్న రేడియేటర్ కారుతోందని అర్థం. బయట ఎక్కడా తడి లేకుండా నీళ్లు తగ్గుతుంటే, సైలెన్సర్ నుంచి ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లటి పొగ వస్తుంటే, ఆయిల్ పాలలా తెల్లబడితే, ఇంక రేడియేటర్‌ను వదిలేసి హెడ్ గ్యాస్కెట్ సంగతి చూడండి. దానికి ఒక పరీక్ష ఉంది. నీలం రంగు ద్రవం ఉన్న గొట్టాన్ని రేడియేటర్ మూతి మీద పెట్టి లోపలి గాలిని దాని గుండా లాగుతారు, మండిన వాయువులు కలిసి ఉంటే ఆ నీలం పెట్రోల్ బండిలో పసుపుగా, డీజిల్ బండిలో ఆకుపచ్చగా మారుతుంది.

మూత గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఈ మొత్తం వ్యవస్థలో అతి చౌకైన భాగం అదే, ఎవరూ అనుమానించనిదీ అదే. ప్రెషర్ కుక్కర్ వెయిట్ చేసే పనే అదీ చేస్తుంది. లోపల ఒత్తిడి పెరిగితే నీళ్లు మరిగే వేడి కూడా పెరుగుతుంది, ఒక్కో పీఎస్ఐకి (ఒత్తిడి కొలిచే లెక్క ఇది) దాదాపు 1.6 డిగ్రీల చొప్పున. 15 పీఎస్ఐ మూత సరిగా పట్టి ఉంటే మామూలు నీళ్లు కూడా 120 డిగ్రీల వరకు మరగవు, సగం కూలెంట్ కలిపితే ఆ అంకె 129 దాకా పోతుంది. మూత లోపలి రబ్బరు గట్టిపడి ఒత్తిడి నిలవకపోతే నీళ్లు ముందే మరిగి రిజర్వ్ బాటిల్‌లోకి తన్నేస్తాయి. మూతలో ఇంకో చిన్న వాల్వ్ ఉంటుంది, ఇంజన్ చల్లారేటప్పుడు బాటిల్ నుంచి నీళ్లు వెనక్కి లాక్కునేది అదే. అది పట్టేస్తే చల్లారిన తర్వాత పైన ఉండే హోస్ పైపు రెండు పక్కలా లోపలికి పీక్కుపోయి కనిపిస్తుంది. చూడగానే తెలిసిపోయే గుర్తు ఇది. మూత మార్చేటప్పుడు ఎక్కువ ఒత్తిడిది వేస్తే ఇంకా మంచిదేమో అని కొందరు అనుకుంటారు, పాత అతుకులకు అది చాలా ప్రమాదం. బండికి కంపెనీ ఏ అంకె చెప్పిందో అదే వేయాలి. ఇంజన్ వేడిగా ఉండగా మాత్రం మూత జోలికి పోవద్దు, గుడ్డ పట్టుకుని అయినా సరే. ఒత్తిడి తప్పించిన క్షణంలోనే ఆ నీళ్లు మరిగిపోయి మొహం మీదికి ఎగదన్నుతాయి.

మా జీపులో మొదట కారడం లేదు, కొండ ఎక్కేటప్పుడు హీటెక్కడమే ఉండేది. తర్వాత కింది ట్యాంకు అతుకు పొడుగునా తెల్లటి ఆకుపచ్చ పొడి పేరుకోవడం మొదలైంది. ఇత్తడి రేడియేటర్ మీద అలాంటి పొడి కనిపించిందంటే అక్కడ చెమ్మ ఊరి ఆరిపోతోందన్న మాట, చుక్క నేలమీద పడకపోయినా సరే.

తీయడం పెద్ద కష్టం కాదు, తొందరపడకూడదు అంతే. ఇంజన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ తీగ తీసేయాలి, ముఖ్యంగా ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఉన్న బళ్లలో. కొన్నిటిలో తాళం తీసేసినా ఆ ఫ్యాన్ తనంతట తాను తిరగడం మొదలుపెడుతుంది. కింద పెద్ద బేసిన్ పెట్టి, నీళ్లు వదిలే చిన్న కుళాయి, అంటే డ్రెయిన్ కాక్, తిప్పాలి. పాత బళ్లలో ఆ కాక్ బిగుసుకుపోయి ఉంటుంది, దాన్ని బలవంతం చేస్తే విరుగుతుంది. తిరగకపోతే వదిలేసి కింది హోస్ పైపు ఊడదీయడమే మేలు. పైపులు మూతికి అంటుకుపోయి ఉంటే లాగొద్దు, ఎలాగూ కొత్తవే వేస్తారు కాబట్టి బ్లేడుతో నిలువుగా కోసి ఒలిచేయండి. లాగితే ఇత్తడి మూతి వంగిపోతుంది లేదా దాని చుట్టూ ఉన్న టంకం చిట్లుతుంది. ఆటోమేటిక్ గేరుబాక్సు ఉన్న బండి అయితే గేరాయిల్ చల్లబరిచే గొట్టాలు కూడా రేడియేటర్ ట్యాంకులోకి వెళ్తాయి. వాటిని విప్పేటప్పుడు రెండు స్పానర్లు వాడాలి, ఒకటి ట్యాంకు వైపు నట్టును కదలకుండా పట్టుకోవడానికి.

ఆ పాత కూలెంట్‌ను నేలమీద పారబోయకండి. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకేస్తాయి, కొంచెం పోయినా కిడ్నీలు దెబ్బతిని చచ్చిపోతాయి. చిన్నపిల్లలున్న ఇంట్లో అయితే ఇంకా జాగ్రత్త. మూత ఉన్న డబ్బాలో పోసి, పేరు రాసి, పాత ఆయిల్ తీసుకునే చోట ఇచ్చేయాలి.

బయటికి తీసిన రేడియేటర్‌ను నిలబెట్టి, కింది మూతిని అరచేత్తో గట్టిగా మూసి, పైదాకా నీళ్లు నింపి, ఒక్కసారిగా చెయ్యి తీసేయాలి. గొట్టాలు బాగుంటే నీళ్లు ధారగా దభాలున దిగిపోతాయి. మాది అలా దిగలేదు. మొదట ఒక తోపు తోసి, తర్వాత సన్నగా, నసుగుతూ కారాయి. మెకానిక్ పై ట్యాంకు అంచు చుట్టూ గ్యాస్ మంట తిప్పుతూ, టంకం మెత్తబడ్డచోటల్లా బ్రష్‌తో తుడుస్తూ నెమ్మదిగా ట్యాంకును పైకి లేపాడు. కింద గొట్టాల నోళ్లు వరసలు వరసలుగా బయటపడ్డాయి, ఒక్కొక్కటి వేలిగోరు వెడల్పు కూడా ఉండదు. మధ్య వరసల్లో కొన్ని తెరుచుకునే ఉన్నాయి గానీ రెండు చివర్లా ఉన్నవాటి నోటి నిండా బూడిద రంగు పెచ్చులు, తుప్పు కలిసిన మట్టి, ఒకచోట ఏదో జిగురు ముద్ద కూడా. ఆ ముద్ద ఎప్పుడో ఈ బండి మా చేతికి రాకముందు ఎవరో పోసిన లీకు ఆపే మందు.

ఆ మందుల గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఊరికి దూరంగా, దారిలో చిక్కుకుపోయినప్పుడు ఇంటికి చేరడానికి ఒకసారి వాడితే వాడొచ్చు. దాన్నే మరమ్మతు అనుకుని నడిపేస్తే మాత్రం అది కారే చిల్లుతో పాటు మంచి గొట్టాల్నీ, హీటర్ కోర్‌లో ఉండే ఇంకా సన్నటి దారుల్నీ మూసేస్తుంది. చిల్లు ఏదో మంచి గొట్టం ఏదో దానికెలా తెలుస్తుంది?

పూడుకున్న గొట్టాల్లోకి చప్పిడి ఉక్కు బద్దను దించి పైనుంచి కిందిదాకా తోసి శుభ్రం చేస్తారు, దీన్ని రాడింగ్ అంటారు. ఓపిక కావాల్సిన పని, కాస్త వంకరగా తోస్తే గొట్టం చీలుతుంది. దానికి ముందు మొత్తాన్ని వేడి కాస్టిక్ సోడా నీళ్లలో ముంచి ఉంచితే పెచ్చులు మెత్తబడతాయి. ఇది ఇత్తడి, రాగి వాటికి మాత్రమే. అల్యూమినియాన్ని కాస్టిక్ సోడా తినేస్తుంది, హైడ్రోజన్ వాయువు కూడా పుడుతుంది, కాబట్టి దాని దగ్గరికి తేకూడదు. మా దానికి రాడింగ్ చేసి, రెండు ట్యాంకులూ మళ్లీ అతికి, నీళ్ల తొట్టిలో ముంచి గాలి కొట్టి చూశారు. ఒకే ఒక్క గొట్టం మొదట్లో సన్నటి బుడగల వరస కనిపించింది. అక్కడ మళ్లీ టంకం పెట్టి, మళ్లీ ముంచి, బుడగ లేదని తేలాక గానీ తొట్టి దగ్గర్నుంచి కదలలేదు. మీ బండికి కూడా ఆ పరీక్ష మీ కళ్లముందు చేయమని అడగండి. పని తెలిసినవాళ్లు సంతోషంగా చూపిస్తారు.

రాడింగ్‌తో పోయే జబ్బు కాకపోతే రీకోరింగ్ ఉంది. ఫిన్స్‌ను వేలితో నిమిరితే పొడిపొడిగా రాలిపోతుంటే, లేదా అవి గొట్టాల నుంచి విడిపోయి కదులుతుంటే, ఆ కోర్ పని అయిపోయినట్టే. గొట్టంలో నీళ్లు పారినా వేడి గాలిలోకి పోయే దారి లేదు. అలాంటప్పుడు పాత ట్యాంకులు, పక్క పట్టీలు అలాగే ఉంచి మధ్యలో కోర్ మాత్రం కొత్తది వేసి అతుకుతారు. పాత బండికి ఇది చాలా మంచి దారి, ఎందుకంటే బోల్టు రంధ్రాలు, మూతుల వంపు, ష్రౌడ్ కూర్చునే చోటు అన్నీ బండితో పుట్టినవే ఉంటాయి. ఒకప్పుడు రెండు వరసల గొట్టాలున్న చోట మూడు వరసలది వేయించుకోవచ్చు కూడా, ఫ్యాన్‌కు తగలకుండా చోటు ఉంటే. కోర్ మరీ మందం అయితే గాలి దూరడం కష్టమవుతుంది, వరసలు పెరిగిన కొద్దీ చల్లదనం పెరుగుతుందని లెక్కేసుకోవద్దు.

రేడియేటర్ అంటే నాకు ఇంత ఇష్టం కలగడానికి దాని చరిత్ర కూడా ఒక కారణం. కార్ల తొలినాళ్లలో నీళ్లు మరిగి ఆవిరైపోవడమే చల్లబరిచే పద్ధతి, దారి పొడుగునా నీళ్లు పోసుకుంటూ పోవాల్సిందే. 1901లో వచ్చిన మెర్సిడెస్ 35 హెచ్‌పీ కారుకు విల్‌హెల్మ్ మేబాక్ తేనెపట్టు గదుల తరహా రేడియేటర్ తయారుచేశాడు, అందులో ఎనిమిది వేలకు పైగా బుల్లి గొట్టాలు ఉండేవి. అక్కడి నుంచే కారు ముందు భాగానికి మనకు తెలిసిన రూపం వచ్చింది. ఫోర్డ్ మోడల్ టీలో అయితే మొదటి కొన్ని బళ్లు తప్ప మిగతావాటికి వాటర్ పంపే లేదు. వేడి నీళ్లు తేలికై పైకి పోతాయి, చల్లబడ్డవి బరువెక్కి కిందికి దిగుతాయి, ఆ కదలికతోనే ఇంజన్ చల్లబడేది.

ఇక కొత్తది కొనక తప్పకపోతే, బండి పేరు చెప్పి తెచ్చుకోవడం చాలదు. పాతదాన్ని పక్కన పెట్టి కొలవండి. కోర్ ఎత్తు, వెడల్పు, మందం, మూతులు ఏ వైపున్నాయి, ఎంత లావున్నాయి, బోల్టు రంధ్రాలు కలుస్తున్నాయా, ఫ్యాన్‌కూ కోర్‌కూ మధ్య ఎంత ఎడం మిగులుతుంది, గేరాయిల్ గొట్టాలు ఉంటే వాటి మర కలుస్తోందా, మూత కూర్చునే మెడ లోతు పాత మూతకు సరిపోతుందా. ఈ చివరిది చాలామంది చూడరు. మెడ లోతు తేడా ఉంటే మూత స్ప్రింగు సరిగా నొక్కుకోదు, ఒత్తిడి నిలవదు, కొత్త రేడియేటర్‌తోనే నీళ్లు తన్నడం మొదలవుతుంది. రేడియేటర్‌కూ ఫ్రేముకూ మధ్య ఉండే రబ్బరు బుష్‌లు కూడా కొత్తవి వేయండి. అల్యూమినియం కోర్ నేరుగా ఫ్రేముకు బిగుసుకుంటే బండి అదురుకు పగులుతుంది.

బిగించేటప్పుడే థర్మోస్టాట్, పై కింది హోస్ పైపులు, క్లిప్పులు, మూత మార్చేయడం తెలివైన పని, మళ్లీ అన్నీ విప్పే పని ఉండదు. థర్మోస్టాట్‌ను వేడి నీళ్ల గిన్నెలో దారంతో వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి చూడండి. దాని మీద 82 అని రాసి ఉంటే 82 డిగ్రీలకు అటూ ఇటూగా తెరుచుకోవడం మొదలవ్వాలి. కొంతమంది మెకానిక్‌లు అసలు థర్మోస్టాటే అక్కర్లేదని తీసి పారేస్తారు, అది నేను ఒప్పుకోను. అది లేకపోతే ఇంజన్ కావాల్సిన వేడికి చేరడానికి చాలా సేపు పడుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది, ఆయిల్‌లో చేరిన చెమ్మ ఆవిరైపోక మడ్డి పేరుకుంటుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. హీటెక్కే జబ్బును దాచిపెట్టడమే తప్ప తగ్గించడం కాదు అది. కింది హోస్ పైపు లోపల స్ప్రింగు ఉన్న బండి అయితే కొత్త పైపులో కూడా అది ఉండాలి. పంపు లాగుడుకు పైపు ముడుచుకుపోకుండా ఆపేది అదే.

ఇంత పనీ చేయించి బోరు నీళ్లు పోస్తే మళ్లీ మొదటికే వస్తుంది. మా రేడియేటర్ గొట్టాల్లో కనిపించిన ఆ బూడిద పెచ్చులు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలే. డిస్టిల్డ్ వాటర్, దానికి సమానంగా కూలెంట్ కలిపి పోయండి, లేదా ముందే కలిపి అమ్మేది కొనండి. కూలెంట్ ఎక్కువ పోస్తే ఇంకా చల్లగా ఉంటుందన్నది అపోహ. వేడిని మోయడంలో నీళ్లే గొప్ప, కూలెంట్ ఉన్నది మరిగే వేడిని పెంచడానికి, గడ్డకట్టకుండా ఉండటానికి, తుప్పు ఆపడానికి. సగం సగం కలిపితే సున్నాకు కింద 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు, అదే నీళ్లు కలపని ఉత్త గ్లైకాల్ అయితే సున్నాకు కింద 13 దగ్గరే గడ్డకడుతుంది.

రంగును చూసి కూలెంట్ కొనకండి. ఆకుపచ్చ, ఎరుపు, నీలం, ఏ కంపెనీ ఇష్టం దానిది, రంగుకు ప్రమాణం ఏమీ లేదు. డబ్బా మీద రకం చదవాలి. టంకం అతుకులున్న ఇత్తడి రేడియేటర్‌కు పాత తరహా ఐఏటీ రకమే (ఖనిజ లవణాలతో తుప్పు ఆపేది) నేను వాడతాను, దాన్ని రెండేళ్లకోసారి మార్చాలి. ఐదేళ్లు నడిచే ఓఏటీ రకం (సేంద్రియ ఆమ్లాలతో తుప్పు ఆపేది) అల్యూమినియానికి బాగుంటుంది గానీ పాత టంకానికి, పాత గ్యాస్కెట్లకు అన్నిసార్లూ పడదు. రెండు రకాలూ కలపడం మాత్రం అస్సలు వద్దు, తుప్పు ఆపే గుణం పోతుంది, కొన్నిసార్లు జిగురులా చిక్కబడుతుంది కూడా.

ఇంకో చిన్న పరీక్ష, మల్టీమీటర్ ఉన్నవాళ్లకు. నల్ల తీగ బ్యాటరీ మైనస్‌కు పెట్టి, ఎర్ర తీగ కొసను రేడియేటర్ మూతిలో కూలెంట్‌కు మాత్రమే తగిలేలా ముంచండి, లోహానికి తగలకూడదు. 0.1 వోల్టు లోపు ఉంటే బాగుంది. 0.3 దాకా పోతోందంటే కూలెంట్ పాడైనా అయి ఉండాలి, లేదా ఎక్కడో ఎర్త్ తీగ వదులై కరెంటు కూలెంట్ గుండా పోతూ లోహాన్ని తినేస్తూ అయినా ఉండాలి. పాత బండికి తర్వాత బిగించిన హారన్లు, లైట్లు, ఫ్యాన్లు ఉంటే ఈ పరీక్ష తప్పక చేయాలి. ఏడాది తిరక్కుండా కొత్త రేడియేటర్‌కు చిల్లులు పడ్డాయంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

నింపేటప్పుడు బండి ముందు భాగం కాస్త ఎత్తులో ఉండేలా నిలిపి, హీటర్ పూర్తిగా వేడి వైపు తిప్పి, గాలి తీసే స్క్రూ ఉంటే వదులు చేసి, నెమ్మదిగా పోయాలి. మూత పెట్టకుండా ఇంజన్ స్టార్ట్ చేసి, పై హోస్ పైపును అప్పుడప్పుడూ పిసుకుతూ ఉంటే బుడగలు బయటికి వస్తాయి. థర్మోస్టాట్ తెరుచుకోగానే నీళ్లు ఒక్కసారి కిందికి దిగుతాయి, పై పైపు చేతికి వేడిగా తగులుతుంది. అప్పుడు మిగతాది నింపి మూత పెట్టేయొచ్చు. నడుపుతుండగా ఎప్పుడైనా ఇంజన్ బాగా హీటెక్కి నీళ్లు తన్నేస్తే ఆపి చల్లారనివ్వాలి, వేడి మీద చన్నీళ్లు పోస్తే సిలిండర్ హెడ్ పగులుతుంది. ఆపడానికి చోటు దొరికేదాకా హీటర్ ఫుల్లుగా పెడితే అది కూడా ఒక చిన్న రేడియేటర్‌గా పనిచేసి కొంత వేడి లాగేస్తుంది.

మొదటిసారి తిప్పి తెచ్చిన మర్నాడు పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉండగా మూత తీసి చూడండి, కొంచెం తగ్గి ఉంటుంది, అది గాలి బయటికి పోయిన చోటు, నింపితే సరిపోతుంది. కొత్త రబ్బరు వేడికి సర్దుకుంటుంది కాబట్టి క్లిప్పులు ఇంకోసారి బిగించండి. ఆ తర్వాత వారానికోసారి రిజర్వ్ బాటిల్ గీత చూస్తే చాలు. ఫిన్స్‌లో పురుగులు, దుమ్ము పేరుకుంటే ఇంజన్ వైపు నుంచి బయటికి, ఒత్తిడి తక్కువ ఉన్న నీళ్లతో కడగండి, ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రేకులన్నీ వంగిపోతాయి. ఏసీ ఉన్న బండి అయితే కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో చూడటం మర్చిపోవద్దు, చెత్త ఎక్కువగా ఇరుక్కునేది అక్కడే.